పేరు చెబితేనే డాక్టరమ్మ

జిల్లేడుకుంట ఆడవాళ్ళ జబ్బులు కుదర్చడానికి పైనుంచి ఒక తెర వచ్చింది.

పంచాయతీ ఆఫీసు వెనక విత్తనకాయలు పోసే గది ఒకటుండేది. దాన్ని ఖాళీ చేసి, సున్నం కొట్టి, తెరను గోడకు బిగించారు. తెర నెత్తిన కెమెరా కన్ను. కింద మైకు. బల్ల మీద బీపీ చూసే పట్టీ. ప్రతి గురువారం పట్నంలో కూర్చున్న డాక్టరమ్మ ఆ తెరలో కనపడుతుంది. ఆడవాళ్ళు కూలి మానుకోకుండా, బస్సు ఎక్కకుండా, ఉన్న ఊళ్ళోనే ఆమెకు రోగం చెప్పుకోవచ్చు.

ఆలోచన మంచిదే. మంచాలల్లే యల్లమంద కూడా అట్లాగే అనుకున్నాడు. అనుకున్నాడే గానీ పైకి అనలేదు. అతను రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఇంట్లో ఏదో జరిగిందని లెక్క.

అతని భార్య మాలకొండమ్మకు మూడు నెలలుగా ఒంట్లో బాగాలేదు. కాళ్ళు వాస్తున్నాయి. బిందె ఎత్తితే ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు. యల్లమంద ఆమె మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. అదీ చాలక ఇప్పుడామె గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తోంది. ఊరి నర్సమ్మ జ్ఞానసుందరి వచ్చి పాదం మీద బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడింది. పడిన గుంట ఎంతకీ పూడలేదు.

"అత్తా, ఇది నా దగ్గరున్న బిళ్ళలతో పొయ్యేది కాదు. పట్నం ఆసుపత్రిలో చేరాల," అంది.

"చేర్పిద్దాం," అన్నాడు యల్లమంద.

"తెరలో డాక్టరమ్మ చీటీ ఇస్తేనే చేర్చుకుంటారు మామా. కొత్త రూలు. నా మాట ఇప్పుడు చెల్లదు. నా బీపీ మిషను గూడా తీసకపోయినారు, తెర కాడ ఒకటుంది గదా, ఊరికి ఇంకోటి ఎందుకని."

కాబట్టి చీటీ కావాలి. చీటీ కావాలంటే తెర ముందు కూర్చోవాలి.

ఆ గది తలుపు మీద నియమాలు అంటించి ఉన్నాయి. మొదటిది గోప్యత. ఆడమనిషి రోగం పరాయి చెవిన పడగూడదు కాబట్టి లోపల ఆమె ఒక్కతే ఉండాలి. మొగుడు, కూతురు, చివరికి నర్సమ్మ కూడా బయటే. నర్సమ్మ పట్టీ కట్టేసి బయటికి వచ్చేయాలి. గది కిటికీకి రెక్కలు లేవు. లోపలి మాటలన్నీ కిటికీ కింద బెంచీ మీద కూర్చున్న పదిహేను మందికీ వినపడతాయి. కిటికీ సంగతి నియమాల్లో లేదు.

ఆ తర్వాతది స్వీయ స్వర ధ్రువీకరణ. ఇంతకుముందు ఎక్కడో ఎవరో లేని ఆడవాళ్ళ పేర్లు వంద రాసుకుని వైద్యం చేసినట్టు చూపించారట. అందుకని ఇకమీదట ప్రతి వివరమూ రోగే తన నోటితో మైకులో చెప్పాలి. ఇంకొకరు చెబితే యంత్రం ఒప్పుకోదు.

మొదటి గురువారం మాలకొండమ్మ తెర ముందు కూర్చుంది. యల్లమంద కిటికీ కింద కూర్చున్నాడు.

"మీ పేరు చెప్పండి," అంది యంత్రం.

"మాలకొండమ్మ."

"మీ భర్త పేరు చెప్పండి."

లోపల చప్పుడు లేదు.

"మీ భర్త పేరు చెప్పండి."

"బయట బెంచీ మీదున్నాడు."

"క్షమించండి. మీ భర్త పేరు చెప్పండి."

"మంచాలల్లుతాడమ్మా. ఎవర్నడిగినా చెప్తారు."

"క్షమించండి," అని తెర ఆరిపోయింది.

మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మాలకొండమ్మ నమ్మకం. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా పలకలేదు. పట్నం దారిలో సరిగ్గా యల్లమంద అనే ఊరే ఒకటుంది. వాళ్ళక్కను ఆ ఊరే ఇచ్చారు. అక్కను చూడబోయినప్పుడల్లా ఆమె దాని ముందు ఊరికి టిక్కెట్టు అడుగుతుంది. మొదట్లో అక్కడే దిగి, ఎండలో నడిచి, తర్వాతి ఊరు చేరేది. ఇప్పుడు కండక్టర్లకు ఆ సంగతి తెలుసు. "ఈ పెద్దమ్మకు ఒక ఊరు తగ్గించి చెప్పటం అలవాటు," అని వాళ్ళే యల్లమంద దాకా టిక్కెట్టు కొట్టి ఇస్తారు.

మిగతా ఆడవాళ్ళదీ అదే వరస. ఆ రోజు ముప్పై ఒక్క మంది తెర ముందు కూర్చుంటే డాక్టరమ్మ ఒక్కరికే కనపడింది. ఆ ఒక్కరూ నాంచారమ్మ. ఆమె మొగుడు ఇంకొకామెను వెంటేసుకుని మాచర్ల వైపు పోయి ఆరేళ్ళయింది. నాంచారమ్మ అతని పేరు చెప్పింది, ఇంటిపేరు చెప్పింది, మర్యాదస్తులు రాయగూడని బిరుదులు నాలుగు చెప్పింది. యంత్రం అన్నీ స్వీకరించింది.

తర్వాతి గురువారం ఆడవాళ్ళంతా నాంచారమ్మను పట్టుకున్నారు. ఆమె మంచి మనిషి. ఒక్కొక్కరి వెనకా వంగి గదిలోకి దూరి, అవసరమైన చోట మొగుళ్ళ పేర్లు తనే పలికింది. పదకొండు మందికి పలికింది. పన్నెండో మనిషి మాలకొండమ్మ. నాంచారమ్మ నోరు తెరిచే లోపల తెర ఎర్రబడింది.

సోమవారం ఊళ్ళోకి జీపు వచ్చింది. అందులోంచి పరాంకుశరావు గారు దిగారు. తెరలకు ఆయన సమన్వయాధికారి.

"ఒకే స్వరం, పదకొండు మంది భర్తలు," అన్నారాయన నాంచారమ్మను పిలిపించి. "ఇది వ్యవస్థ మీద దాడి. దీనికి మీ వివరణ ఏమిటి?"

"ఉన్నోడొక్కడే పోయాడయ్యా. పదకొండు మందిని నేనేం జేసుకుంటాను."

ఆయన ఆ వివరణను నమోదు చేసుకుని, అసలు సమస్య ఏమిటని నర్సమ్మను అడిగారు. నర్సమ్మ చెప్పింది. ఆయన అదీ నమోదు చేసుకున్నారు.

"క్షేత్రస్థాయిలో చైతన్య లోపం ఉంది. దీన్ని ఉద్యమ ప్రాతిపదికన అధిగమించాలి."

ఆ విధంగా జిల్లేడుకుంటలో భర్త నామోచ్చారణ వారోత్సవం జరిగింది. మొదటి రోజు ఊరేగింపు. ప్రతి భార్యకూ భర్త పేరు రాసిన అట్ట ఒకటి ఇచ్చారు. ఆడవాళ్ళు అట్టలు పట్టుకుని బాగానే నడిచారు. పట్టుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. రెండో రోజు ముగ్గుల పోటీ. మూడో రోజు సభ. పరాంకుశరావు గారు గంటసేపు మాట్లాడారు.

"నామం అనేది గుర్తింపు. గుర్తింపు లేనిదే సేవ లేదు. సేవ లేనిదే సాధికారత లేదు. కాబట్టి తల్లులారా, భర్త పేరు పలకడం మీ ఆరోగ్య హక్కు."

వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్న మాలకొండమ్మ ఊపిరి అందుకుని అడిగింది. "బాబూ, మీ ఇంట్లో అమ్మగారు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?"

పరాంకుశరావు గారు మంచినీళ్ళు తాగారు.

"ఏమండీ అంటుంది. అయితే ఆ అంశం ఈనాటి కార్యక్రమంలో లేదు."

వారం గడిచింది. పేరు ఒక్కరూ పలకలేదు. పరాంకుశరావు గారు వెనక్కి తగ్గే మనిషి కాదు. పై ఆఫీసుకు రాసి, సవరణ తెచ్చారు. ఊళ్ళో భర్తలందరికీ వరసగా నంబర్లు ఇచ్చారు. నంబరు రాసిన రేకు ప్రతి గుమ్మానికీ కొట్టారు. రోగి వచ్చేటప్పుడు ఆ రేకు ఊడదీసి తెచ్చి కెమెరాకు చూపిస్తే చాలు, పేరు పలికినట్టే. మిగతా వివరాలు మటుకు యథాప్రకారం నోటితోనే.

వీధిలో యల్లమందది రెండో ఇల్లు. అతను రెండో నంబరు భర్త అయ్యాడు.

రేకులు కొట్టిన రోజు అందరూ నవ్వుకున్నారు. "ఏం రెండూ, టీ తాగొద్దామా," అని వెంకటాద్రి పిలిచాడు. "పద ఏడూ," అన్నాడు యల్లమంద. వారం తిరిగేసరికి టీ కొట్టు దగ్గర పేర్లు పోయి నంబర్లే మిగిలాయి. అక్కడే తేడా వచ్చింది. మొగుణ్ణి ఊరంతా ఏమని పిలిస్తే అదే మొగుడి పేరు. మొగుడి పేరు పలకగూడదు.

ఐదో నంబరు భార్య కొట్టుకు పోయి, "నాలుగు గుడ్లియ్యి, పైన ఇంకోటియ్యి," అనడం మొదలుపెట్టింది. పదో నంబరు భార్య తన ఫోను నంబరు ఎవరికీ చెప్పలేక, అందులో సున్నా ముందున్న ఒకటిని దగ్గి సరిపెట్టేది. మాలకొండమ్మ మనవరాలు బడిలో ఒంట్లు చెప్పమంటే, "ఒకటి, తాత, మూడు, నాలుగు," అని చదివింది. పంతులమ్మ కొట్టబోయి, పక్క పిల్ల "నాలుగు, పెదనాన్న, ఆరు," అనడం విని ఆగిపోయింది.

ఆ గురువారం ఫైళ్ళన్నీ తెరుచుకున్నాయి. నూటికి నూరు. పరాంకుశరావు గారికి పైనుంచి అభినందన వచ్చింది. మాలకొండమ్మ రేకు చూపించి డాక్టరమ్మను మొదటిసారి చూసింది. చిన్న పిల్ల. కళ్ళజోడు. మాట మెత్తన.

"కూర్చోండమ్మా. ఏం బాధ?"

"ఆయాసం తల్లీ. కాళ్ళకు నీరు."

"బీపీ చూద్దాం. పట్టీ పక్కన డబ్బా మీద పై అంకె ఎంతుందో చదవండి. మీరే చదవాలి. కెమెరా మీ ముఖం మీద నుంచి కదలదు."

మాలకొండమ్మకు అంకెలు వచ్చు. బస్సు నంబర్లు చూసి నేర్చుకుంది. డబ్బా మీద రెండు, ఒకటి, సున్నా ఉన్నాయి. రెండువందల పది.

"వందా... ఇంకో వందా... పది," అంది.

"క్షమించండి. ఒకే సంఖ్య చెప్పండి," అంది యంత్రం.

మాలకొండమ్మ తెరలో పిల్ల మొహం చూసింది. పిల్ల మెడలో నల్లపూసలున్నాయి. పెళ్ళయిన పిల్లే. ఇంత చదువుకున్నది, కండక్టరుకు అర్థమైనపాటి దీనికి అర్థం కాదా అనుకుంది. రెండుకు ముందు ఊరు ఒకటి.

"నూట పది," అంది తల కొంచెం వంచి.

"చాలా బాగుందమ్మా. మా వయసు వాళ్ళకు గూడా ఇంత బాగుండదు. ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి."

మాలకొండమ్మ యంత్రం ఇచ్చిన కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. గుమ్మం దాటి, స్తంభం పట్టుకుని, ఊపిరి కోసం నోరు తెరిచి నిలబడింది. యల్లమంద కాగితం తీసుకుని నర్సమ్మకు చూపించాడు. ఆరోగ్యవంతురాలు అని ఉంది.

నర్సమ్మ డబ్బా వైపు పరిగెత్తింది. అది అప్పటికే ఆరిపోయింది.

ఇంటికొచ్చాక యల్లమంద అడిగాడు. "డబ్బాలో ఎంతుంది?"

ఆమె ముందు రెండు వేళ్ళు చూపించింది. తర్వాత ఒక వేలు. తర్వాత వేళ్ళు గుండ్రంగా చుట్టింది.

"మరి నూట పదన్నావు."

"నీ నంబరు నేనెట్టా పలికేదయ్యా. నోరెట్టా వస్తది. ఆ పిల్లే ఒకటి కలుపుకోవాల."

యల్లమంద ఆ సాయంత్రం అల్లుతున్న మంచం విప్పి మళ్ళీ అల్లాడు. ఆ రోజు ఆమె మూడుసార్లు లేచి వాకిట్లోకి వచ్చి గాలి కోసం నిలబడింది. అతను లెక్కపెట్టుకున్నాడు. నోటితో కాదు.

సోమవారం పొద్దున్నే పంచాయతీ ఆఫీసులో పరాంకుశరావు గారి ముందు నిలబడ్డాడు.

"నంబరు మార్చండి."

"కారణం?"

"మా ఆడది పలకదు."

"ఏ నంబరు ఇచ్చినా పలకదు కదయ్యా. అయినా నంబరు మార్చే అవకాశం నిబంధనల్లో లేదు. భర్త మారితేనే నంబరు మారుతుంది. మీ విషయంలో అట్లాంటి ఆలోచన ఏమైనా ఉందా?"

"లేదు."

"అయితే భర్త మరణించాలి. మరణించినచో నంబరు రద్దు. రేకు స్వాధీనం చేయాలి. లబ్ధిదారు తండ్రి పేరు చెబితే చాలు."

యల్లమంద బల్ల దగ్గరికి జరిగాడు.

"నేను చచ్చానని రాసుకోండి."

పరాంకుశరావు గారు కలం దించారు. ఆయన నిబంధనల మనిషి. ఎవరు పడితే వాళ్ళు వచ్చి చచ్చానంటే రాసుకోవడానికి లేదు.

"ఆధారం కావాలి. దగ్గరి బంధువు ధ్రువీకరించాలి."

"నాకు నేనే దగ్గర."

ఆ మాట ఆయన్ను ఆలోచనలో పడేసింది. నిబంధనల పుస్తకం తీసి చదివారు. మళ్ళీ చదివారు. ప్రతి వివరమూ సంబంధిత వ్యక్తి స్వయంగా తన స్వరంతో చెప్పాలని ఉంది. మరణం కూడా వివరమే.

"మరణం గురించి మరణించినవారి కంటే సాధికారంగా ఎవరు చెప్పగలరు," అన్నారు చివరికి, మెచ్చుకోలుగా. "రండి, మైకు దగ్గరికి."

యల్లమంద మైకు ముందు వంగాడు.

"మంచాల యల్లమందను. నేను చనిపోయాను."

యంత్రం పచ్చ దీపం వెలిగించింది. "మీ సమాచారం నమోదైంది. ధన్యవాదాలు," అంది.

"ఒక్క మాట," అన్నాడు యల్లమంద. "మా ఇంట్లో తెలియగూడదు."

"గోప్యత మా మొదటి నియమం," అన్నారు పరాంకుశరావు గారు.

ఆ గోప్యత ప్రకారమే మధ్యాహ్నానికి కిటికీ కింద కూర్చున్న మొగవాళ్ళందరికీ తెలిసింది. ఏడో నంబరు వెంకటాద్రి భార్యకు ఏడు రోజుల నుంచి జ్వరం. ఆరు అని చెప్పి, ఒక రోజు మందు తక్కువ తెచ్చుకుంది. ఐదో నంబరు భార్య రోజుకు ఐదు బిళ్ళలు వేసుకోవాల్సింది నాలుగే వేసుకుంటోంది. సాయంత్రానికి వరస కట్టి ఇరవై ముగ్గురు చచ్చిపోయారు. "తోసుకోవద్దు, అందరూ చస్తారు," అని వెంకటాద్రి వరస సర్దాడు. బుధవారానికి జిల్లేడుకుంటలో బతికున్న భర్త లేడు. ఆడవాళ్ళెవరికీ ఆ సంగతి చెప్పగూడదని మొగవాళ్ళు ఒట్టు వేసుకున్నారు. చచ్చిన వాళ్ళు మాట తప్పరు.

వితంతువుల ఫైళ్ళు నమోదైతే ఒక్కోదానికి రెట్టింపు మార్కులట. గురువారం పొద్దున జిల్లేడుకుంటకు షీల్డు వచ్చింది. పరాంకుశరావు గారు దాన్ని చేత్తో పట్టుకుని, "ఈ విజయం వెనక ఎందరో భర్తల నిశ్శబ్ద త్యాగం ఉంది," అన్నారు. భర్తలందరూ చప్పట్లు కొట్టి ఆయనకు దండ వేశారు. వాళ్ళు ఎందుకు త్యాగం చేశారో భార్యలకు అర్థం కాలేదు. షీల్డు బాగా మెరుస్తోందని మాత్రం అనుకున్నారు.

"రేకేదయ్యా," అని అడిగింది మాలకొండమ్మ, తెర దగ్గరికి బయల్దేరుతూ గుమ్మం చూసి.

"రద్దయింది. మీ నాన్న పేరు చెప్పు చాలు. రెండు ఇప్పుడు ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాదా?"

"కాదు."

ఆమె కాసేపు నమ్మలేదు. తర్వాత మెల్లిగా, "రెండు," అంది. అని యల్లమందను పై నుంచి కింది దాకా చూసింది. ఏమీ కాలేదు. "రెండు, రెండు," అని చిన్నపిల్లలాగా నవ్వింది. నవ్వు ఆయాసంలోకి తిరిగింది.

తెర ముందు తండ్రి పేరు గట్టిగా చెప్పింది. డబ్బా చూసి, "రెండువందల ఇరవై," అంది. వారంలో పది పెరిగింది.

తెరలో పిల్ల కళ్ళజోడు సర్దుకుని లేచి నిలబడింది. "అమ్మా, మీరు ఈ రోజే, ఇప్పుడే ఆసుపత్రికి రావాలి. చీటీ పంపిస్తున్నా."

షీల్డు దగ్గర ఫొటోలు తీస్తుండగా ఇద్దరూ బస్సెక్కారు. యల్లమంద అనే ఊరి బోర్డు వచ్చినప్పుడు ఆమె మామూలుగానే ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆసుపత్రిలో చేర్చుకునే బల్ల దగ్గర ఒక గుమాస్తా కూర్చున్నాడు. అతని ముందు కూడా ఒక తెర, ఒక మైకు. చీటీ చూసి ఫైలు తీశాడు. మాలకొండమ్మ బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పెదాలు నల్లబడుతున్నాయి.

"చేర్చుకోవాలంటే మనిషి తరపున సంతకం కావాల. భర్తగానీ, రక్త సంబంధీకులుగానీ."

"నేను పెడతా," అన్నాడు యల్లమంద.

"నువ్వేమవుతావు?"

యల్లమంద తెర వైపు చూశాడు. భర్తనంటే ఫైలు అబద్ధమవుతుంది. ఫైలు అబద్ధమైతే చీటీ చెల్లదేమో. "ఊరోణ్ణి," అన్నాడు.

మాలకొండమ్మ తల తిప్పి అతని వైపు చూసింది.

"ఊరోళ్ళ సంతకం పనికిరాదు పెద్దాయనా. ఈమెకు భర్త పోయి మూడు రోజులే అయినట్టుంది. కొడుకులు లేరా?"

"ఎవరు పోయింది?" అంది మాలకొండమ్మ.

"మీ ఆయనమ్మా. సోమవారం. ఇదుగో, ఆయనే స్వయంగా చెప్పినట్టు ఉంది." గుమాస్తా తెరను మళ్ళీ చూసుకున్నాడు. "ఆయనే చెప్పాడని ఎట్టా ఉంది?"

మాలకొండమ్మ గోడ పట్టుకుని లేచింది. లేవగూడదు. బల్ల దాకా నాలుగు అడుగులు. ఒక్కో అడుగుకూ ఆగింది. యల్లమంద చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"పోలేదు," అంది. "ఇదుగో. ఈయనే."

"పేరు చెప్పాలమ్మా. నీ నోటితో, మైకులో. అప్పుడే సవరించేది."

బల్ల చుట్టూ అరుపులు, స్ట్రెచర్ల చప్పుడు. మాలకొండమ్మ మైకు వైపు వంగింది. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుంది.

"యల్లమంద," అంది.

పచ్చ దీపం వెలిగింది. స్ట్రెచరు వైపు చూస్తున్న గుమాస్తా ఇటు తిరిగాడు.

"ఏమంది? వినపడలా. మళ్ళీ ఒకసారి చెప్పమను."

"నాకు వినపడింది," అన్నాడు యల్లమంద. "రాసుకో."

వాళ్ళు ఆమెను స్ట్రెచరు మీద, తలవైపు ఎత్తుగా పెట్టి తీసుకుపోయారు. తలుపు దగ్గర ఆమె చెయ్యెత్తి వాళ్ళను ఆపి వెనక్కి చూసింది.

"సంతకం పెట్టి తొందరగా రా. చచ్చినోడివని అక్కడే కూచునేవు."